ఎర్రది తెల్లదాన్ని లాగేస్తుందట

మొన్న మా మనవరాలు ఫోను తెచ్చి నా కళ్ళద్దాలకి ఆనించింది. అందులో ఎవడో పాత రేడియో పగలగొట్టి, దాని పొట్టలోంచి చిటికెనవేలంత గాజుగొట్టం తీసి చూపిస్తున్నాడు. గొట్టంలో ఎర్రటి నీళ్ళు. అదే ఎర్ర పాదరసమట, అది దొరికినవాడి ఇంట్లో ఏడు తరాలు కాలు మీద కాలేసుకుని తినొచ్చట. "అమ్మమ్మా, మీకు థర్మామీటర్ల కార్ఖానా ఉండేదిగా! ఒక్క సీసా అయినా దాచుకోలేదా?" అంది పిల్ల. నాకు ఒళ్ళు మండిపోయింది. పొయ్యి మీద పాలున్నాయని చెప్పి వంటింట్లోకి వచ్చేశాను. పాలూ లేవు, అసలు పొయ్యే వెలిగించలేదు. గట్టుకి ఆనుకుని నిలబడి చాలాసేపు మా చిట్టి గురించి ఆలోచించాను.

చిట్టి మా ఆడపడుచు, మా ఆయనకి ఒక్కగానొక్క చెల్లెలు. ఆడపడుచు అనగానే అర్ధమొగుడు అంటారు గానీ, ఆ మాట పుట్టించినవాళ్ళు మా చిట్టిని చూడలేదు. నేను కాపరానికి వచ్చిన రోజే నా పెట్టె మోసి మేడ మీద పెట్టి, "వదినా, మా అన్నయ్యకి కోపం ముక్కు మీద ఉంటుంది. కానీ ముక్కు చిన్నదిలే, ఎక్కువసేపు నిలవదు" అని చెవిలో ఊదింది. అప్పటినుంచీ మేమిద్దరం ఒక జట్టు.

పైన ఇల్లు, కింద కార్ఖానా. అది మా మామగారు పెట్టింది. మెట్లు దిగుతుంటేనే కరిగిన మైనం వాసన, స్పిరిట్టు వాసన, కాలిన గాజు వాసన కలిసి వచ్చేవి. ఆ వాసన ఇప్పుడు ఎక్కడా లేదు. ఉంటే నడిచి వెళ్ళి పీల్చుకుని వద్దును. రెండు రకాలు చేసేవాళ్ళం. జ్వరం చూసేవాటిలో పాదరసం. గోడకి తగిలించేవాటిలో ఎర్ర రంగు కలిపిన స్పిరిట్టు. తెల్లవీ ఎర్రవీ అనేవాళ్ళం, అంతే. వెంట్రుకంత సన్నని రంధ్రం ఉన్న గొట్టంలోకి పాదరసం దానంతట అది దూరదు. గొట్టం అడుగునున్న గాజు బుడ్డిని వేడిచేసి లోపలి గాలిని తరిమి, గొట్టం మూతిని పాదరసంలో ముంచితే, బుడ్డి చల్లారేకొద్దీ చిన్నపిల్ల పాలు తాగినట్టు తాగేది. ఆ పని మా ఆయనది. నింపి మూసిన గొట్టాలకి మైనం పూసి, సూదితో గీతలు గీసి, యాసిడ్‌లో ముంచి ఆ గీతల్ని గాజులోకి దించడం చిట్టి పని. చేత్తో, ఊపిరి బిగబట్టి గీసేది. అంగుళంలో అన్ని గీతలు, ఒక్కటీ ఇంకోదాన్ని తాకేది కాదు. ఇరవై తొమ్మిదేళ్ళు వచ్చినా పెళ్ళి మాటెత్తనిచ్చేది కాదు. "గీతల మధ్యలో లేపకు వదినా, వంకర పోతే నీదే పాపం" అనేది.

కార్ఖానా గుమ్మం దగ్గర ఒక చెక్క పెట్టె ఉండేది. లోపలికి వెళ్ళేవాళ్ళు ఉంగరాలు, గాజులు, చెవిపోగులు, ఒంటిమీద బంగారం ఏదున్నా అందులో పెట్టి వెళ్ళాలి. ఎందుకంటే పాదరసం బంగారాన్ని తినేస్తుంది. కొత్తల్లో నాకు తెలియక ఉంగరంతో దిగాను. బల్ల తుడిచి పైకి వచ్చి చూసుకుంటే నా బంగారు ఉంగరం వెండిలా తెల్లగా పాలిపోయింది. మోసపోయానురా దేవుడా, గిల్టు ఉంగరం పెట్టి పెళ్ళిచేసుకున్నారని గదిలో కూర్చుని ఒకటే ఏడుపు. మా ఆయన నవ్వి నవ్వి, ఆ ఉంగరాన్ని బర్నరు మీద పట్టారు. పాదరసం ఆవిరై పోయింది, పచ్చటి రంగు తిరిగొచ్చింది. ఆ తరవాత నా అరచేయి చాపించి అందులో ఒక బొట్టు పాదరసం వేశారు. చల్లగా ఉంది, అంత చిన్న బొట్టుకి అంత బరువేమిటో! చెయ్యి వంచితే పరుగెత్తింది, మళ్ళీ వంచితే వెనక్కి వచ్చింది. "భయపడకు. ఇది మనల్నేం చెయ్యదు. మనింటి పిల్ల. మా నాన్న ఎప్పుడూ అంటారు" అన్నారు. ఇద్దరం ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి ఆ బొట్టుని పోసుకుంటూ ఎంతసేపు కూర్చున్నామో. నా కాపరంలో అంతకంటే సంతోషంగా ఉన్న రోజు ఇంకోటి లేదంటే నమ్మండి.

కిటికీలు మాత్రం తీయనిచ్చేవారు కాదు. గాలి తగిలితే మంట ఊగుతుందని, గొట్టాలు ముంచి వేడి సరిచూసే నీళ్ళ తొట్టిలో వేడి మారుతుందని. నేల పలకల సందుల్లో పడిన వెండి బొట్లు ఎండలో మిలమిల మెరుస్తుంటే ఎంత ముద్దుగా ఉండేవో. వాటిని ఈకతో ఊడ్చి, మెత్తటి తోలులో వేసి పిండి, మళ్ళీ వాడుకునేవాళ్ళం.

ఒక ఏడాది చిట్టి గీతలు వంకరపోవడం మొదలైంది. మొదట రోజుకొకటి, ఆ తరవాత ట్రేకి సగం. పనికిరాని గొట్టాలన్నీ మూల ఉన్న బుట్టలోకి పోయేవి. టీ గ్లాసు సాసర్‌లో పెడితే టకటకా మోగేది. ఏమైనా రాస్తే అక్షరాలు చిన్నవైపోయి ఒకదానిమీద ఒకటి ఎక్కేవి. ఎప్పుడూ నవ్వే పిల్ల, ఎవరైనా తలుపు గట్టిగా వేస్తే ఉలిక్కిపడి ఏడ్చేసేది. "నరాల బలహీనత. మా వంశంలో ఉంది. నాన్నకీ వచ్చింది" అన్నారు మా ఆయన. బలానికి టానిక్కులు తెచ్చారు. మా మామగారు పోయేనాటికి అన్నం ముద్ద నోటిదాకా తెచ్చుకోలేకపోయేవారు, అది నేనూ చూశాను. చిట్టి కూడా చూసింది. దానికి తండ్రి చివరిరోజులు గుర్తొచ్చినప్పుడల్లా రెండు చేతులూ చంకల్లో దాచుకునేది. "వదినా, చావంటే భయం లేదే నాకు. ఈ చేతులు పోతే నేనెందుకు పనికొస్తాను చెప్పు? నాకు వచ్చిందల్లా ఈ గీతలే" అంది ఒకసారి. "నోర్ముయ్, పిచ్చి మాటలూ నువ్వూ" అని కసిరాను.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఎర్ర పాదరసం పుకారు మా వీధిలోకి వచ్చింది. ఎవరు మోసుకొచ్చారో తెలీదు. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు, అలా పాకింది. అది పాత రేడియోల్లో ఉంటుందట, పాత కుట్టుమిషను సూదిలో ఉంటుందట, గబ్బిలాల గూట్లో ఉంటుందట. అద్దంలో దాని నీడ పడదట. వెల్లుల్లిని చూస్తే పారిపోతుందట, బంగారాన్ని చూస్తే పరుగెత్తుకొస్తుందట. బాంబులు చేసేవాళ్ళు దానికోసమే దేశాలు తిరుగుతున్నారట. ఒక్క చుక్క మింగితే ముసలివాళ్ళకి పళ్ళు మొలుస్తాయట! వీధి చివర మంగలిషాపులో గోడమీది థర్మామీటర్ మాయమైంది. బేకరీలోదీ పోయింది. పోస్టాఫీసు గుమాస్తా తన థర్మామీటర్‌ని బీరువాలో పెట్టి తాళం వేసుకున్నాడు. ఎర్రగా ఉంటే చాలు, అది ఎర్ర పాదరసమే అని జనం లెక్క.

మా గుమ్మం ముందు తిరునాళ్ళలా ఉండేది. "బాబూ, అది రంగేసిన స్పిరిట్టు. రంగు నేనే కలుపుతాను, చిన్న గరిటెతో" అని మా ఆయన నెత్తీ నోరూ కొట్టుకునేవారు. వింటేనా? ఒకాయన ఏకంగా అద్దం తెచ్చుకున్నాడు. మా ఎర్ర థర్మామీటర్‌ని అద్దం ముందు పెట్టి, "ఇదేంటి, కనబడుతోందే!" అన్నాడు. "కనబడక ఏం చేస్తుందండీ?" అన్నాను నేను. "అయితే మీరు నాసిరకం వాడుతున్నారన్నమాట" అని మొహం మాడ్చుకుని వెళ్ళిపోయాడు. నవ్వాలో ఏడవాలో తెలీలేదు.

మా ఆయన మాత్రం ఓపిగ్గా చెప్పేవారు. పాదరసానికి ఎరుపు కొత్తేం కాదు, అది పుట్టేదే ఎర్రటి రాయిలోంచి, ఇంగిలీకం అంటారు దాన్ని. పాదరసాన్ని సన్నసెగ మీద రోజుల తరబడి కాస్తే ఎర్రటి పొడి అవుతుంది, ఆ పొడిని ఇంకా కాస్తే మళ్ళీ పాదరసమే అవుతుంది. అంతకుమించి మాయ ఏమీ లేదు. తల్లి పుట్టిల్లు మేనమామకు తెలీదా అన్నట్టు, పాదరసం సంగతి మాకు తెలీకుండా ఊళ్ళోవాళ్ళకి తెలుస్తుందా అని మేం ధీమాగా నవ్వుకునేవాళ్ళం. చిట్టి కూడా నవ్వేది. అందుకే నాకు అనుమానం రాలేదు.

పగిలిన గాజు కొనడానికి ఒకాయన వచ్చేవాడు. పెంకులాయన అనేవాళ్ళం. గోనెసంచీ, తీయటి మాట, ఎప్పుడూ నోట్లో నమిలే పుల్ల. మా బుట్టలోని పనికిరాని గొట్టాలు ఎప్పటినుంచో అతనే పట్టుకెళ్ళేవాడు. చిట్టి చేతులు వణకడం అతను చూశాడు. అదను చూసి చెవిలో వేశాడట: "అమ్మా, నీ ఒంట్లోకి తెల్ల పాదరసం దిగింది. ముల్లుని ముల్లుతోనే తీయాలి. ఎర్రది ఒక్క మోతాదు మింగితే లోపలున్న తెల్లదాన్నంతా లాగేస్తుంది. నా దగ్గర ఉందని బయటికి చెప్పకు."

నేను చూడండి, ఇంట్లోనే ఉన్నాను. దాని చెవులు బోసిగా ఉండటం రోజూ చూశాను. కార్ఖానాలో ఎవరి చెవులైనా బోసిగానే ఉంటాయి కదా, పోగులు పెట్టెలో ఉన్నాయనుకున్నాను.

ఒక మధ్యాహ్నం భోజనాలయ్యాక మా ఆయన తొట్టి కడుగుతున్నారు. మైనం కోసం నేను వెనకగదిలోకి వెళ్ళాను. చిట్టి గోడవైపు తిరిగి నేలమీద కూర్చుని ఉంది. చేతిలో మందు సీసా అంత సీసా, అందులో ఎర్రగా. మూత తీసేసి ఉంది. చెయ్యి వణికి కొంత చీర మీద ఒలికింది. ఆ వాసన నా ముక్కుకి తగిలింది. మెట్లు దిగేటప్పుడు రోజూ తగిలే వాసనే.

"ఏంటే అది?" అన్నాను.

"మందు వదినా" అంది. సీసా నోటిదాకా తీసుకెళ్ళింది.

నేనెలా దూకానో నాకు తెలీదు. చేతిమీద ఒక్కటిచ్చాను. సీసా ఎగిరి గోడకి తగిలి పగిలింది. "ఏమండీ! ఏమండీ, పరిగెత్తుకు రండి!" అని కేకపెట్టాను. ఆయన తడి చేతులతో వచ్చారు. నేలమీది ఎర్రటి మడుగులో వేలు పెట్టి, వాసన చూసి, చెల్లెలి వంక చూశారు.

"చిట్టీ, ఇది మన స్పిరిట్టే. ఇది తాగితే కళ్ళు పోతాయి, ప్రాణం పోతుంది. ఎవడిచ్చాడు నీకు?"

"పెంకులాయన. నా పోగులు తీసుకుని ఇచ్చాడు."

అప్పుడు అర్థమైంది మాకు. మా బుట్టలో పారేసిన ఎర్ర గొట్టాల్ని ఒక్కొక్కటే విరిచి, చుక్క చుక్క పోగేసి, ఆ సీసా నింపాడు. అవి చిట్టి చేయి వణికి పాడైన గొట్టాలే. దాని వణుకునే దానికి మందని అమ్మాడు, వాడి చేతులు విరగ! ఆ తరవాత వాడు మా వీధి ఛాయలకి రాలేదు.

"ఇన్నేళ్ళు ఇదే పనిలో ఉండి, నీ చేత్తో నువ్వు గీసిన సరుకుని పోల్చుకోలేకపోయావా?" అని మా ఆయన అరిచారు. "చెవిలో పువ్వు పెడితే పెట్టించుకుంటావా?"

"పోల్చుకున్నాను అన్నయ్యా" అంది చిట్టి. గొంతు చాలా మామూలుగా ఉంది. "మూత తీయగానే వాసన తెలిసింది. అయినా, ఒకవేళ నిజమేమో అనుకున్నాను."

అదే మళ్ళీ అంది, "ఎర్ర పాదరసం లేదు. సరే. తెల్లది ఉంది కదా. అది నన్నేం చేసిందో నువ్వు చెప్పు. ఆ పెంకులాయన అబద్ధాలకోరు, ఒప్పుకుంటాను. నా ఒంట్లోకి తెల్లది దిగిందన్నాడే, అది కూడా అబద్ధమేనా?"

మా ఆయన తల తిప్పుకున్నారు. "చెప్పండి!" అన్నాను. "దానివైపు చూసి చెప్పండి!"

ఆయన అక్కడే నేలమీద, ఆ గాజుముక్కల మధ్యే కూలబడ్డారు. "నాన్నది వంశపు జబ్బు కాదు. చూసిన డాక్టరు అప్పుడే చెప్పాడు. పాదరసం ఆవిరి కంటికి కనబడదట, ఊపిరితో లోపలికి వెళ్ళి నరాల్లో కూర్చుంటుందట. దానికి దూరంగా ఉండటమే మందు, ఉంటే కొన్నాళ్ళకి దానంతట అదే తగ్గుతుందన్నాడు. నాన్న నవ్వి, 'డాక్టరుకేం తెలుసు, మనింటి పిల్ల మనల్నేం చేస్తుంది' అన్నారు. నేనూ అదే నమ్మాను. నమ్మకపోతే ఈ ఇల్లెలా నడుస్తుంది చిట్టీ? ఊళ్ళో ప్రతి డాక్టరు జేబులో మన థర్మామీటరేగా."

ఊళ్ళోవాళ్ళని చూసి ఎంత నవ్వామో ఆ ఏడాది! మంగలిషాపువాణ్ణి, అద్దం తెచ్చినవాణ్ణి. వాళ్ళది ఒక్క ఏడాది పిచ్చి. మా ఇంట్లో పిచ్చికి రెండు తరాలు. నేను ఆయన్ని అనరాని మాటలన్నీ అన్నాను. ఆ కోపం నాకు ఇప్పటికీ పూర్తిగా పోలేదు. ప్రేమ పోయిందా అంటే అదీ పోలేదు. రెండూ ఒకే గిన్నెలో ఉన్నాయి, ఏం చేయను?

మర్నాడు చిట్టి మామూలుగా బల్ల దగ్గరికి వస్తే మా ఆయన కుర్చీ తీసేశారు. "నువ్వు పిన్ని వాళ్ళింటికి వెళ్తున్నావు. ఇక ఈ గుమ్మం తొక్కకు" అన్నారు.

అప్పుడు ఏడ్చింది అది. స్పిరిట్టు సీసా పగలగొట్టినప్పుడు కూడా ఏడవలేదు. "నా చేతులు బాగవ్వాలని ఎందుకనుకున్నాను అన్నయ్యా? ఈ బల్ల కోసమే కదా! బల్లే లేకపోతే బాగైన చేతులు నాకెందుకు? కొరుక్కు తిననా?"

నేనే దాని పెట్టె సర్ది, నేనే బస్సెక్కించాను. కిటికీలోంచి చూస్తుందేమోనని నిలబడ్డాను. చూడలేదు.

తెల్లవి మానేస్తానని ఆయన నాకు మాటిచ్చారు. అయితే ఒప్పుకున్న సరుకు ఇచ్చి మానేస్తానన్నారు. ఆసుపత్రులవాళ్ళు ఎదురుచూస్తున్నారు, మాట తప్పకూడదన్నారు. ఆయన పని, చిట్టి పని రెండూ ఒక్కరే చేశారు. ఈసారి కిటికీలు తీసే చేశారు, మంట ఊగితే ఊగనీ అని. నేను రోజూ పోట్లాడాను. ఆఖరి పెట్టె పంపించాక, మిగిలిన పాదరసాన్ని పెద్ద కంపెనీవాళ్ళకి అప్పజెప్పి, నేల పలకలు ఊడదీయించి, కొత్త గచ్చు చేయించి, ఎర్రవి ఒక్కటే మొదలుపెట్టాం. జనం ఎర్ర పాదరసాన్ని ఎప్పుడో మర్చిపోయారు. బేకరీలో, మంగలిషాపులో థర్మామీటర్లు మళ్ళీ గోడెక్కాయి. కానీ ఎర్రవాటి మీద గీతలు అచ్చుయంత్రంతో వేయించేవాళ్ళం, చిట్టి లేదు కదా.

చిట్టి ఉత్తరాలు రాసేది. మొదట్లో చీమలు పాకినట్టుండే అక్షరాలు పోనుపోను విప్పారాయి. రెండో ఏడు వచ్చేసరికి ఒక్కో అక్షరం గుండ్రంగా, విడివిడిగా నిలబడింది. ఆ ఉత్తరం పట్టుకుని నేను ఇల్లంతా తిరిగాను. మా ఆయన చదివి, మడిచి, జేబులో పెట్టుకున్నారు. జేబు దొరకడానికి కాస్త టైము పట్టింది. అప్పటికి ఆయన చొక్కా గుండీలు నేనే పెడుతున్నాను.

ఆ వానాకాలం చిట్టి తిరిగొచ్చింది. కాళ్ళయినా కడుక్కోకుండా కిందికి దిగింది. ఎవరూ పిలవలేదు, కూర్చోమనలేదు. మైనం కరిగించుకుంది, ఒక ఎర్ర గొట్టానికి పూసుకుంది, సూది తీసుకుంది. నేను మెట్ల మీదే నిలబడిపోయాను. గాజు మీద సూది గీస్తున్న ఆ సన్నని చప్పుడు వినక ఎన్నాళ్ళయిందో. పైనుంచి కిందిదాకా ఒక్కసారి కూడా ఆగలేదు. యాసిడ్‌లో ముంచి, కడిగి, మైనం తుడిచి అన్నగారి ముందు పెట్టింది.

"చూడు అన్నయ్యా."

ఆయన భూతద్దం తీశారు. చెయ్యి వణికింది. అద్దం గీతల మీద నిలవడం లేదు, అటూ ఇటూ కొట్టుకుంటోంది. రెండో చేత్తో పట్టుకోబోయారు, అదీ వణికింది. అద్దం బల్లమీద పెట్టేసి, "బానే ఉంటుందిలే, నువ్వు గీసింది" అన్నారు నవ్వబోతూ. అంతవరకూ చిట్టికి తెలీదు. ఉత్తరాల్లో నేను రాయలేదు, రాయొద్దని ఒట్టేయించుకున్నారాయన.

చిట్టి అద్దం తీసి మళ్ళీ ఆయన వేళ్ళ మధ్య పెట్టింది. ఆయన మణికట్టుని రెండు చేతులతో పట్టుకుంది, గట్టిగా. అద్దం నిలిచింది. ఆయన వంగి చూశారు. ఒక్కో గీతా పైనుంచి కిందిదాకా చూశారు. ఆయన ఎంతసేపు చూస్తే అంతసేపూ అది పట్టుకునే ఉంది, చేతులు చెదరనివ్వలేదు.

"కనబడుతోందా అన్నయ్యా?"

"ఆఁ" అన్నారాయన. "వంకరేం లేదు."